ఆ నల్లద్దాన్ని పారేయండి

మా బ్రూక్‌ఫీల్డ్ మేడ మీద దీపాల వెలుగుకి చుక్కలు సరిగ్గా కనబడవు. అందుకని తమ్ముడు కొత్త దుర్భిణిని పగలే సూర్యుడి వైపు తిప్పబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

పెట్టెలో ఐపీస్‌కి బిగించుకోమని ‘సన్’ అని రాసిన చిన్న నల్లద్దం ఇచ్చారు. నా మాట విని అలాంటిది ఉంటే పారేయండి. ముందున్న కటకం ఎండనంతా పోగేసి సరిగ్గా అక్కడికే పంపుతుంది. ఆ వేడికి అద్దం పగిలితే రెప్ప వేసేలోపే కన్ను దెబ్బతింటుంది. రెటీనాకి నొప్పి కూడా తెలియదు. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందువైపు పూర్తిగా మూసే సోలార్ ఫిల్టర్ ఉండాలి. పక్కనున్న ఫైండర్‌కీ మూత పెట్టాలి, అదే అందరూ మర్చిపోతారు.

‘మరి జాన్సెన్ చూడలేదా?’ అన్నాడు వాడు. 1868 ఆగస్టు 18న మన గుంటూరులో సంపూర్ణ గ్రహణం చూసిన ఆ ఫ్రెంచాయన, మర్నాడు మామూలు ఎండలోనూ సూర్యుణ్ణి పరిశీలించాడు, నిజమే. ఆయన దుర్భిణికి స్పెక్ట్రోస్కోప్ ఉంది, మనదానికి లేదు!

చంద్రుడితో మొదలుపెట్టండి. వీధి దీపాలు ఆయన్నేం చెయ్యలేవు. స్టాండు కదలకుండా నిలిపి, తక్కువ పవర్ ఐపీస్ పెట్టి, పున్నమినాడు కాదు, అష్టమినాడు చూడండి. నీడలు పడి గుంటలు లోతుగా కనిపిస్తాయి.

రాత్రిపూట మేడ మీద ఆడపిల్లకేం పని అంది అమ్మ. ఆవిణ్ణే పిలిచి చూపించాను. ఇప్పుడు నా వంతు రావట్లేదు.