దోమను కోసిందెవరు? దోమకు రక్తమిచ్చిందెవరు?

మొన్న ఆగస్టు 20న మాడుగులపల్లి చుట్టుపక్కల వాడల పిల్లలను పద్నాలుగు మందిని ఎంబడి పెట్టుకొని హైదరాబాద్ పోయినం. పొద్దుగాల్నే సద్దులు కట్టుకొని టోల్‌గేటు కాడ బస్సెక్కినం. పిల్లలు చార్మినార్ అన్నరు, జూపార్కు అన్నరు. అవి గూడ చూపిస్తం గాని ముందు బేగంపేట పోదామన్నం. అక్కడేమున్నదన్నా అని అడిగిన్రు. ఒక దోమ కత ఉన్నదంటే నవ్విన్రు.

బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఉస్మానియా యూనివర్సిటీ కింద ఉన్న పాత బంగ్లా అది. సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద నడుస్తున్నది. మలేరియా పురుగు దోమ కడుపులో పెరుగుతుందని లోకానికి తెలిసింది బేగంపేటలనే. 1897 ఆగస్టు 20న రాస్ ఒక దోమ పొట్ట కోసి చూసి ఆ గుట్టు పట్టిండు. అందుకే ఆ తారీకును ప్రపంచమంతా దోమల దినం అంటరు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

గోడ మీద రాస్ పటం ముందర పిల్లలను నిలబెట్టి కత చెప్పినం. ఎండకాలంల పంకా గూడ ఊపనిచ్చేటోడు కాదు, కోసిన దోమలు గాలికి ఎగిరిపోతయని. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినయి. కన్ను పెట్టి చూసే అద్దం పగిలింది. అయినా రెండేండ్లు దోమలను కోసుకుంటనే ఉన్నడు. ఆ కష్టాన్ని మేము తక్కువ చెయ్యం. కష్టం విలువ మనకు తెలిసినంత ఎవరికి తెలుసు?

ఏడో తరగతి పిలగాడొకడు అడిగిండు: "దోమకు జ్వరం రక్తం కావాలె గదన్నా. మరి ఎవర్ని కుట్టించిన్రు?"

మేము ఇంత దూరం పోయింది ఈ ప్రశ్న కోసమే. కుట్టించుకున్నాయన పేరు హుసేన్ ఖాన్. మలేరియా రోగి. ఒక్కో దోమకు ఒక అణా లెక్క. పది దోమలు కుట్టినయి, పది అణాలు ముట్టినయి. రూపాయికి పదహారు అణాలని చెప్తే పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నరు. రూపాయి గూడ కాలేదన్నా అన్నరు.

ఆయనకంటే రెండేండ్ల ముందు, 1895లో, సికింద్రాబాదులనే ఇంకొకాయన ఉన్నడు. పేరు లచ్చుమన్. ఇరవయ్యేండ్ల డోలీ బోయీ. దోమలు చచ్చిన నీళ్లు తాగితే మలేరియా వస్తదేమోనని అప్పట్లో ఒక అనుమానం. ఆ నీళ్లు లచ్చుమన్‌తోని తాగించిన్రు. జ్వరమొచ్చింది గాని రక్తంల మలేరియా పురుగు కనబడలేదు. లచ్చుమన్ కులమేదో మేము చెప్పలేము. డోలీల కూసున్నోడు మాత్రం కాదు, మోసినోడు. రాస్ ఈ ఇద్దరి సంగతి దాచిపెట్టలేదు, తనే రాసిపెట్టిండు. కాని మన పిల్లల పాఠాల్లో రాస్ ఒక్కడే మిగిలిండు. ఈ ఇద్దరు ఏమైపోయిన్రు?

ఇట్లంటే కొందరికి కోపమొస్తది. బయలుదేరే ముందే ఒక పెద్దమనిషి మాతో అన్నడు, "సైన్సుకు కులం లేదు, పిల్లలకు ఇవన్నీ ఎందుకు నూరిపోస్తరు" అని. నిజమే సారూ, దోమకు కులం లేదు. దొరను గూడ కుడుతది. కాని దోమ పుట్టే జాగకు కులమున్నది. ఊరి మోరీలన్నీ ఏ దిక్కు పారుతయో ఒక్కసారి నడిచి చూడండి. ఊరి పేరెందుకు, ఇది చదివే మీ ఊరే అనుకోండి. మోరీ వాడకు రాంగనే ఆగిపోతది. రాస్ దోమ పొట్ట కోసిన ముప్పై ఏండ్లకు, 1927 మార్చి 20న, మహాడ్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగాలంటే పెద్ద పోరాటమే చెయ్యాల్సి వచ్చింది. ఆ నీళ్లల్ల దోమ గుడ్లు పెట్టొచ్చు, మనిషి దోసిలి పట్టొద్దు! సైన్సుకు కులం లేదనేటోళ్లు ఆ చెరువు గట్టు మీద నిలబడి మాట్లాడాలె.

మన వాడలకు వచ్చి శుభ్రత గురించి ఉపన్యాసాలు చెప్పేటోళ్లకు గూడ ఒక మాట. మలేరియా దోమ ఎక్కువగా మురికిల పుట్టదు, నిలిచిన తేటనీళ్లల్ల పుడుతది. కాలువ పక్క గుంటలల్ల, పొలం మడులల్ల, పాడుబడ్డ బాయిలల్ల. డెంగీ దోమ డ్రమ్ములల్ల, పాత టైర్లల్ల పుడుతది. మురికి మోరీల పుట్టేది బోదకాలు తెచ్చే దోమ. మరి మన ఇండ్ల ముందర డ్రమ్ములు ఎందుకుంటయి? నల్లా దినాం రాదు గనుక ఉంటయి. నల్లా ఇయ్యనోడు డ్రమ్మును తిడితే ఎట్ల? రాస్ గూడ జ్వరానికి మందు మింగి ఊకోమనలేదు. 1902లో సూయజ్ కాలువ పక్కన ఇస్మాయిలియాకు పోయి నిలువ నీళ్లు తీసెయ్యమని చెప్పిండు. తీసేసిన్రు, జ్వరాలు బాగా తగ్గినయి. అది సర్కారు చేయించాల్సిన పని. మోరీ కట్టుడు, నీళ్లకు దారి చూపుడు, దినాం నల్లా ఇచ్చుడు.

ఆ మోరీలోకి దిగేదెవరు? మనిషితో పాకీ పని చేయించొద్దని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినయి. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు, డ్రైనేజీలో దిగి సచ్చినోని కుటుంబానికి 30 లక్షలియ్యమన్నది. అంటే ఇంకా దిగుతనే ఉన్నరు, సస్తనే ఉన్నరు. అణా కాలం పోయి లక్షల కాలం వచ్చింది. రేటు పెరిగింది గాని ప్రాణం పేదోళ్లదే.

తిరుగు బస్సుల తొమ్మిదో తరగతి బిడ్డ ఒకామె మెల్లగ చెప్పింది: "మా బళ్లె గూడ సూక్ష్మదర్శిని ఉన్నదక్కా. బీరువల ఉంటది. తనిఖీ వచ్చినప్పుడు దుమ్ము తుడవమన్నరు. తుడిచిన. కన్ను పెట్టి చూడనియ్యలే."

మాకు నోట మాట రాలేదు. 1897లో రక్తం ఇచ్చే పని మనది, చూసే పని వాళ్లది. ఇన్నేండ్లకు తుడిచే పని మన బిడ్డది, తాళంచెవి ఇంకొకరిది!

ఆ బిడ్డకు మేము మేఘనాథ్ సాహా సంగతి చెప్పినం. ఢాకా దగ్గరి పల్లెటూళ్లో 1893లో పుట్టిండు. కిందికులపోడని కలకత్తా హాస్టల్ల తోటి పిల్లలు పక్కన కూసోని తిననియ్యలేదు. ఆయనే నక్షత్రాల వెలుగు చూసి వాటి వేడి కనిపెట్టే లెక్క చెప్పిండు, 1920లో. ఇంకో పేరు గూడ చెప్పినం. బేగంపేటల దోమలు కోస్తున్న ఏడు, అదే హైదరాబాదుల తొమ్మిదేండ్ల మన పిలగాడు ఒకడుండె. ఆయనే భాగ్యరెడ్డి వర్మ. పెద్దగై 1906లో జగన్మిత్ర మండలి పెట్టిండు. మన పిల్లలకు బడులు తెరిచిండు. ఆ బడులు తెరిచింది బీరువాలు తుడవడానికి కాదు.

అన్నలారా, అక్కలారా! ఆగస్టు 20 ఏటేటా వస్తది. మీ వాడ పిల్లలను బేగంపేట తీసుకపోండి. పోలేకపోతే మీ వాడ మోరీ కాడనే నిలబెట్టి ఈ కత చెప్పండి. హుసేన్ ఖాన్ పేరు, లచ్చుమన్ పేరు రాస్ పేరు పక్కన పలకమనండి. ఆ మర్నాడు పంచాయతీకి పోయి మోరీ ఎప్పుడు కడతరో, నల్లా దినాం ఎప్పుడిస్తరో కాగితం పెట్టండి.

అక్కడి నుంచి సక్కగ బడికి పోండి. సూక్ష్మదర్శిని బీరువాల నుంచి బయటికి తియ్యమనండి. ముందు దుమ్ము తుడిచిన బిడ్డనే కన్ను పెట్టి చూడనియ్యమనండి. అయ్యేదాక అక్కడి నుంచి లేవకండి.