ఈ సెలవుల్లో పిల్లల్ని నాగార్జునకొండకు తీసుకెళ్లండి



ఎండాకాలం సెలవులు దగ్గరపడగానే మీలో చాలామంది అడిగేది సమ్మర్ క్లాసుల గురించే. టీచర్‌నై ఉండి కూడా నేను చెప్పేది వేరు. రెండు రోజులు పుస్తకాలు పక్కన పెట్టి, పిల్లలకు నాగార్జునకొండ చూపించండి.

ఆ కృష్ణా లోయలో ఒకప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. సాగర్ డ్యామ్ వస్తే లోయంతా మునుగుతుందని, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండ మీద, అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టారు. ఆ కొండే ఇప్పుడు దీవి. లాంచీలో వెళ్లాలి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, చూసుకుని బయల్దేరండి.

హుస్నాబాద్ పిల్లలకు ఇది దూరపు కథేం కాదు. గౌరవెల్లి రిజర్వాయర్ కోసం గుడాటిపల్లి వాళ్లు ఊరు వదలాల్సి వచ్చింది. డ్యామ్ పొలాలకు నీళ్లిస్తుంది, ఊళ్లను ముంచుతుంది. రెండూ నిజమే. రాళ్లను మోసుకెళ్లి దాచుకున్నాం, సరే. మరి ఊరు వదిలినవాళ్ల జ్ఞాపకాలను ఎవరు దాచాలి? ఈ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాదు. అందుకే మీరు అడగాలి.

సెల్ఫీలు దిగనివ్వండి. తిరిగొచ్చాక మాత్రం ఒక్క పేజీ రాయించండి, తెలుగులోనైనా సరే. జూన్‌లో క్లాసులో చదివిద్దాం.