సెన్సర్‌ని దించండి, మనిషిని కాదు



"తెలుగు పాఠం చెప్పుకునే మీకు నానో కాంపోజిట్ గ్యాస్ సెన్సర్లతో ఏం పని సార్?" అని మా సైన్స్ విద్యార్థులు అడుగుతుంటారు. పనుంది. మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక పోతున్నవాళ్లు మనవాళ్లే.

మురుగు కుళ్లినచోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలిలో 10 లక్షల వంతులకు 100 వంతులు చేరేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. 500 దాటితే నిమిషాల్లో మనిషి కుప్పకూలొచ్చు. కాపాడదామని దిగినవాడూ పోతాడు. "వాసన చూసి దిగు" అనే కాంట్రాక్టర్ మాట విలువ ఇంతే.

ముక్కు చేయలేని పని పదార్థం చేస్తుంది. టిన్ ఆక్సైడ్‌, కాపర్ ఆక్సైడ్ రేణువులను నానో స్థాయిలో కలుపుతారు. మామూలు గాలిలో ఆ రెండూ కలిసేచోట కరెంటుకు అడ్డు ఏర్పడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే కాపర్ ఆక్సైడ్ కాస్తా కాపర్ సల్ఫైడ్ అవుతుంది. అది కరెంటును బాగా పోనిస్తుంది. అడ్డు తొలగుతుంది, అలారం మోగుతుంది. రేణువు చిన్నదయ్యే కొద్దీ వాయువు తగిలే ఉపరితలం పెరుగుతుంది. నానో ఎందుకంటే అందుకే.

అయితే ల్యాబులో పొడి గాలిలో గెలిచిన సెన్సర్ మ్యాన్‌హోల్ తేమలో తడబడుతుంది. నీటి ఆవిరి ఆక్సైడ్ ఉపరితలాన్ని ఆక్రమిస్తుంది. పైగా ఇలాంటి సెన్సర్లు చాలావరకు వేడి మీద పనిచేస్తాయి, మురుగులో మండే మీథేన్ ఉంటుంది. అంటే తేమను, ఉష్ణోగ్రతను కూడా కొలిచి లెక్క సరిచేసుకునే, నిప్పు రాజేయని పరికరం కావాలి. రీసెర్చ్ చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ థీసిస్‌లో 'ఉపయోగాలు' అని రాసే ఆ ఒక్క పేరాలో మ్యాన్‌హోల్ ఉందా? ఉంటే, ఆ తేమలో పరీక్షించారా?

ఇక చట్టం సంగతి. మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం కింద వచ్చిన నిబంధనలు, ఇవ్వాల్సిన రక్షణ పరికరాల జాబితాలో నాలుగు వాయువులను కొలిచే గ్యాస్ మానిటర్‌ను అప్పుడే చేర్చాయి. మురుగు కాలువలో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ప్రాణం పోయాక ఇచ్చే డబ్బు పెరిగింది, మంచిదే. పోకముందు కొనాల్సిన పరికరం సంగతి ఎవరడగాలి?

కొరత సైన్స్‌ది కాదు. కులం చవగ్గా మనిషిని అందిస్తున్నంతకాలం యంత్రం ఖరీదుగానే కనబడుతుంది.

ఇంకో ప్రమాదమూ ఉంది. "మీటరిచ్చాం కదా, దిగు" అంటారు. ఒప్పుకోవద్దు. సెన్సర్ మనిషిని దించడానికిచ్చే పర్మిట్ కాదు. లోపలికి వెళ్లాల్సింది తాడుకు కట్టిన సెన్సర్, శుభ్రం చేయాల్సింది యంత్రం.

మీ మున్సిపాలిటీకి ఈ వారమే ఒక ఆర్టీఐ పెట్టండి. గ్యాస్ మానిటర్లు ఎన్ని కొన్నారు? చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేశారు? ఎవరి చేతికిచ్చారు? జవాబు వస్తే ఇక్కడ పెట్టండి. రాకపోతే అదీ పెట్టండి.

జై భీమ్.