టెలివిజన్ విలేఖరి ఎవరి పేరు వ్రాసుకొన్నాడు?



జంషెడ్‌పూర్ నుండి ఒక తెలుగు సోదరుడు మాకు ఉత్తరం వ్రాశారు. ఆయన తపాలా సార్టింగులో పని చేస్తున్నారు. తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో శ్రీకాకుళం ప్రాంతం నుండి పట్టాల పనికి వచ్చి టాటానగర్‌లో నిలిచిపోయారట. ఇప్పుడు ఆ ఇంటి ఆడపిల్ల డిగ్రీ చదువుతూ, టెలివిజన్‌లో విదేశీ విలేఖరిని అవుతాను, ఆ పైన స్టూడియోలో కూర్చుని వార్తలు చెబుతాను అని పట్టు పట్టినది. “ఇది గౌరవమైన బ్రతుకేనా, మన సంఘం ఏమంటుంది?” అని తండ్రి ప్రశ్న.

ఈ ఉత్తరాన్ని మా కార్యాలయంలో చదివినప్పుడు రెండు రకాల జవాబులు వినవచ్చినవి. టెలివిజన్ వారందరూ అమ్ముడుపోయినవారే, ఆ ఊసే వద్దు అన్నారు కొందరు. అది కోపమే గాని విమర్శ కాదు. తక్కినవారు, అంతకు మించిన ఉద్యోగం ఏమున్నది, దేశదేశాలు తిరగవచ్చు, ముఖం పదిమందికీ తెలుస్తుంది అన్నారు. ఈ రెండవ మాటలోనే అసలు ప్రమాదం ఉన్నదని మా అభిప్రాయం. విలేఖరిగా మొదలై సమర్పకుడుగా స్థిరపడటమే ఈ వృత్తిలో ఎదుగుదల అని మనవారు కూడ నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్ని మేము ఖండిస్తున్నాము.

ఆ వృత్తిలో మచ్చలేని మనిషినే ఉదాహరణగా తీసుకొందాము. జార్జ్ అలగయ్య 1955లో కొలంబోలో తమిళ కుటుంబంలో పుట్టారు. బాల్యం ఘనాలో, చదువు ఇంగ్లండులో. 1989లో బి.బి.సి.లో చేరారు. సోమాలియా కరువును, 1994 నాటి రువాండా మారణకాండను ప్రపంచానికి చూపినవారిలో ఆయన ఒకరు. జొహానెస్‌బర్గ్ నుండి దక్షిణాఫ్రికా వార్తలు పంపారు. 2003 నుండి లండన్‌లో సాయంకాలం ఆరు గంటల వార్తల సమర్పకుడు. వ్యాధితో పోరాడుతూనే 2022 వరకు ఆ కుర్చీలో పని చేసి 2023 జూలైలో మరణించారు. ఆయన నిజాయితీని శంకించేవారు మాకు కనబడలేదు.

ఆయనే తన పుస్తకంలో ఒక సంగతి ఒప్పుకొన్నారు. సోమాలియాలో ఒక మారుమూల గ్రామంలో ఆకలితో క్రుంగిన ఒక మనిషి ఆయనను చూసి చిరునవ్వు నవ్వాడు. ఎందుకు నవ్వాడో విలేఖరికి అర్థం కాలేదు. దుబాసీని అడిగించగా, ఈ స్థితిలో పరులకంట పడినందుకు సిగ్గుపడి నవ్వాడని తెలిసినది. ఆ నవ్వు అలగయ్యను వెంటాడినది. చూసేవాడెవడు, చూడబడేవాడెవడు అని ఆయన తన వృత్తినే ప్రశ్నించుకొన్నారు. అయితే ఆ మనిషి పేరు మాత్రం ఆయనకు ఏనాడూ తెలియలేదు. ఆ ఋణం తనమీద ఉన్నదని వ్రాసుకొన్నారు. అంతటి మనసున్నవాడికే పేరు దక్కలేదంటే, మనసు పెట్టే తీరిక లేనివారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇది వ్యక్తి దోషం కాదు. మెట్లను కట్టిన పద్ధతిలోనే దోషం ఉన్నది. కరువు నేలమీద నిలబడినవాడు క్రింది మెట్టుమీద ఉంటాడు. చల్లని గదిలో బల్ల వెనుక కూర్చున్నవాడు పై మెట్టుమీద ఉంటాడు. సంఘటనకు ఎంత దూరం జరిగితే జీతం అంత పెరుగుతుంది. మన రైల్వేలలో ఇంజను దిగినవాడు అధికారి అవుతాడు గాని, ఇంజను దిగినందుకే గొప్ప డ్రైవరు అని ఎవరూ అనరు గదా!

మార్క్ టలీ కథ తీసుకోండి. కలకత్తాలో పుట్టిన ఈ ఆంగ్లేయుడు రేడియోలోనూ టెలివిజన్‌లోనూ దశాబ్దాలు ఢిల్లీ నుండి బి.బి.సి.కి వార్తలు పంపారు. 1975లో అత్యవసర పరిస్థితి విధించినప్పుడు సెన్సారు షరతులకు తలవంచక దేశం విడిచి, 1977లో తిరిగి వచ్చారు. 1993లో తన సంస్థ అధిపతినే బహిరంగంగా విమర్శించి, 1994లో రాజీనామా చేశారు. ఇరవై యేండ్లకు పైగా ఒకే దేశంలో ఉండి నేర్చుకొన్నవాడు ఆయన. అయినా 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ మరణవార్తను మొదట ప్రపంచానికి అందించినది ఆయన కాదు, ఆయన సహచరుడు సతీష్ జేకబ్. ఆ రోజు టలీ ఢిల్లీలో లేరు. జనానికి గుర్తున్న పేరు ఎవరిది? విదేశీ విలేఖరి ప్రక్కన నడిచిన స్థానికుని పేరు ఎప్పుడూ రెండవదే.

ఇందులో మనకేమి సంబంధం అని అడిగే సోదరులు 1974 మేను గుర్తు చేసుకోవలెను. 8వ తేదీ నుండి 27వ తేదీ వరకు పదిహేడు లక్షల రైల్వే కార్మికుల సమ్మె దేశాన్ని కుదిపినది. అప్పటికి టెలివిజన్ ఢిల్లీ, బొంబాయి వంటి కొద్ది చోట్ల మాత్రమే ఉన్నది. అదికూడ ఆకాశవాణిలో భాగమే. 1976లో గాని దూరదర్శన్ వేరు కాలేదు. రైల్వే క్వార్టర్ల నుండి కుటుంబాలను వీధిలోకి నెట్టినప్పుడు, జైళ్ళు నిండినప్పుడు, జనం విన్నది ప్రభుత్వం చెప్పిన కథనే. మన గ్యాంగ్‌మన్ పేరు అడిగి వ్రాసుకొన్న కెమెరా లేదు.

కెమెరాలు లేక అలా జరిగినదనుకొందాము. కెమెరాలు వెల్లువెత్తిన కాలం చూడండి. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బాహానగా బజార్ వద్ద మూడు రైళ్ళు ఢీకొని 290 మందికి పైగా చనిపోయారు. అది టాటానగర్ ఉన్న ఆగ్నేయ రైల్వేలోనే. స్టూడియోల సమర్పకులు స్వయంగా శవాల నడుమ నిలబడి మాట్లాడారు. విద్రోహమా, డ్రైవరు తప్పా, స్టేషన్ మాస్టరు తప్పా అని తొలి రోజులలోనే తీర్పుల వర్షం కురిసినది. తరువాత రైల్వే భద్రతా కమీషనరు విచారణలో తేలినది సిగ్నల్ వైరింగు మార్పు పనులలోని పొరపాట్లు. 2018లో చేసిన పనిలోనే ఒక లోపం ఉండిపోయినదని కూడ తేలినది. అయిదేండ్లపాటు ఆ లోపం ఎవరి కంటా ఎందుకు పడలేదు, పరీక్ష చేయవలసిన చోట చేయలేదెందుకు? ఇవి అడగవలసిన ప్రశ్నలు. ఇందుకు వైరింగు పటాలు చదవవలెను, సిగ్నల్ శాఖ వారితో గంటలకొద్దీ కూర్చోవలెను. సమర్పకునికి అంత వ్యవధి ఎక్కడిది? రాత్రి తొమ్మిదింటికి ఆయన మరల తెరమీద ఉండవలెను.

తపాలా సోదరులకు వేరే చెప్పవలెనా? విలేఖరుల తంతులను రాత్రింబవళ్ళు మోసినది తంతి సిబ్బంది. అన్నేండ్లలో వారి డ్యూటీ గదిలోకి తొంగి చూడని కెమెరాలు 2013 జూలైలో తంతి సేవ ముగిసేనాడు బారులు తీరినవి. చివరి తంతి పంపేవారితో ముచ్చట్లు, పాత జ్ఞాపకాలు! పుట్టుకకు రాక శవయాత్రకు మాత్రం బాజాలతో వచ్చే చుట్టాల వంటివారు వీరు. 2025 సెప్టెంబరు 1న రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయినప్పుడు కూడ అదే వరుస. కళ్ళనీళ్ళ కథలు వచ్చినవి. సార్టింగు ఉద్యోగి బదిలీ ఏమవుతుందని అడిగినవారు బహు కొద్దిమంది.

ఇక జంషెడ్‌పూర్‌నే చూడండి. ఉక్కు కర్మాగారం, పెద్ద జంక్షన్, వేలాది కాంట్రాక్టు కూలీలు ఉన్న ఊరు. ఇటువంటి ఊళ్ళలో టెలివిజన్‌కు వార్త పంపేది ఎక్కువగా స్ట్రింగర్. వార్తకు ఇంత అని ముట్టజెప్పుతారు. నియామక పత్రం లేదు, భవిష్యనిధి లేదు. దెబ్బ తగిలితే దిక్కు లేదు. అతని బొమ్మలమీదనే స్టూడియోలో మరొకరి గొంతు పలుకుతుంది. 1955 నాటి పాత్రికేయుల చట్టం వార్తాపత్రికలకే వర్తించినది. వేతన మండళ్ళు కూడ పత్రికలవారికే. టెలివిజన్ పాత్రికేయుని పేరు చట్టంలోకి ఎక్కినది 2020 నాటి కోడ్‌తో. ఆ ఎక్కించిన చేతితోనే పాత చట్టాన్ని, దానితోపాటు వేతన మండలిని తుడిచివేశారు. ఇది మేలు అని చెప్పుకొనేవారిని మేము ఒకటే అడుగుతున్నాము: నియామక పత్రమే లేని స్ట్రింగర్ ఏ కాగితం చూపి ఆ మేలును పొందగలడు? అతడు కూడ మనవంటి శ్రామికుడే. అతనిని తిట్టి, తెరమీది ముఖానికి దండలు వేయటం మన సభలలో ఇకనైనా మానవలెను.

వెనుకకు నడిచినవాడు కూడ ఒకడున్నాడని ఆ తండ్రికి తెలియజేస్తున్నాము. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను నడిపించిన వి.వి. గిరి మనుమడు పాలగుమ్మి సాయినాథ్. ఆయన టెలివిజన్ మనిషి కాదు. బొంబాయి బ్లిట్జ్ పత్రికలో విదేశీ వ్యవహారాలు చూసినవాడు. 1993లో ఆ బల్ల వదలి కరువు జిల్లాలకు బయలుదేరాడు. వాటిలో జంషెడ్‌పూర్ ఉన్న నేటి జార్ఖండ్‌లోని పలాము, గొడ్డా కూడ ఉన్నవి. పై మెట్టునుండి క్రింది మెట్టుకు దిగటాన్ని ఆయన పతనంగా భావించలేదు.

కనుక, జంషెడ్‌పూర్ సోదరునికి మా జవాబు ఇది. అమ్మాయిని ఆపవద్దు. చదివించండి. అయితే లండన్, న్యూయార్కుల కంటే ముందు ఒక రాత్రి మీ వెంట సార్టింగు గదికి తీసుకొని వెళ్ళండి. మరునాడు టాటానగర్ యార్డు బయట డ్యూటీ దిగి వచ్చే పాయింట్స్‌మన్‌లతోను, పట్టాల మనుషులతోను మాట్లాడనివ్వండి. మీరు పరిచయాలు చేయవద్దు. పేర్లు ఆమెనే అడిగి వ్రాసుకోనివ్వండి.