ఇంజను గోత్రం

అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడికి పాతకార్ల పిచ్చి. ఈ మధ్య ఒక అర్ధరాత్రివేళ ఫోను చేసి, "మామయ్యా! 1967 నాటి కార్వెట్ ఒకటి బేరానికి వచ్చింది. 427 ఘనపుటంగుళాల ఇంజను, 435 అశ్వశక్తి! కొనమంటావా?" అన్నాడు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, నేనేం చెప్పను? "ముందు గోత్రం కనుక్కోరా" అన్నాను. మాటవరసకే అన్నాను గాని, వాడు సరిగ్గా ఆ పనే చేశాడు.

ఆ ఏడు షెవ్రొలే కంపెనీ ఈ కారులో మామూలుగా పెట్టింది 327 ఘనపుటంగుళాల, 300 అశ్వశక్తి ఇంజను. పైడబ్బు ఇచ్చుకున్నవారికి 427 బిగించి ఇచ్చింది. నేడు ఆ రెంటికీ ధరలో చాలా తేడా. తేడా ఉన్నచోట మాయ ఉంటుంది గదా! కారు నంబరు చూస్తే తెలియదా అంటారేమో. ఆనాటి నంబరులో కారు రకం, సంవత్సరం, సెయింట్ లూయీ ఫ్యాక్టరీ గుర్తు, వరససంఖ్య మాత్రమే ఉండేవి. ఇంజను ఊసే లేదు.

సాక్ష్యం ఇంజను మీదనే ఉంది. ముందుభాగాన, కుడి సిలిండర్ హెడ్ ఎదుట, చిన్న చదును జాగా. అక్కడ రెండు ముద్రలుంటాయి. ఒకటి ఇంజను ఫ్యాక్టరీది: 'టి' అంటే టోనవాండా, తరువాత నెలా తేదీ, చివర 'జె.ఇ.' ఉంటే 435 అశ్వశక్తి. రెండోది కారు వరససంఖ్య. ఈ బండిలో రెండూ ముత్యాల్లా ఉన్నాయట.

మావాడికి ఆ ముత్యాల మీదనే అనుమానం వచ్చింది. ఆ జాగాను చదును చేసిన ఫ్యాక్టరీ యంత్రం సన్నని గీతలు వదులుతుంది. పాత ముద్ర అరగదీసినవాడు గీతలనూ చెరుపుతాడు. ఇక్కడ గీతలు లేవు. పోతపోసినప్పుడే ఇనుములో ఉబ్బెత్తుగా పడే తేదీ మరొకటి ఉంటుంది. అందులో 'సి' అక్షరం, అంటే మార్చి. ముద్ర చూస్తే ఫిబ్రవరి 15. బిడ్డ పుట్టకముందే బారసాల అయిందన్నమాట! చివరికి పెట్రోలు ట్యాంకు మీద ఫ్యాక్టరీవారు అంటించిన కాగితం సగం చిరిగి దొరికింది. దానిలో 'ఎల్ 79' అని ఉంది. అంటే 327 ఇంజనే, 350 అశ్వశక్తిది.

తాళపత్రాలను పరిష్కరించేవారి పనీ ఇంతే. పద్యం ఎంత సొగసుగా ఉన్నా, తక్కిన ప్రతుల్లో లేకపోతే ప్రక్షిప్తమేమోనని శంకిస్తారు. ఒక్క ప్రతిని నమ్ముకుంటే మునిగినట్టే.

ఇంజను మారటం పాపం కాదు. పందెంలో పగిలి ఉండవచ్చు, అరిగిపోయి ఉండవచ్చు. మార్చానని చెప్పి అమ్మితే ఎవరూ కాదనరు. పాపమంతా ఆ దొంగముద్రలోనే ఉంది.

కాగితం చూపించగానే అమ్మేపెద్దమనిషి ముఖం పాలిపోయిందట. పన్నెండేళ్ల క్రితం ఆయనా ఆ ముద్రనే నమ్మి, దాచుకున్నదంతా పోసి కొన్నాడు. తాను మోసపోయినట్టే మరొకరికి అంటగట్టి బయటపడవచ్చు. మావాడు కాకపోతే మరొకడు దొరుకుతాడు. ఆయన రెండురోజులు ఆలోచించి, ప్రకటనలో 435 కొట్టేసి, 'ఇంజను మార్చినది' అని వ్రాసి, ధర తగ్గించాడు.

ఆ ధరకు కొన్నది మా మేనల్లుడే. గోత్రం తెలిసింది, సంబంధం కుదిరింది.