గాలిమేపరికి పాలగిన్నె

కార్తిక శుద్ధ చవితి దగ్గరపడితే నంద్యాల వీధుల్లో ఇప్పటికీ అక్కడక్కడ నాగస్వరం వినిపిస్తుంది. పాములవాడు బుట్ట మూత తీస్తాడు, తాచు పడగ విప్పుతుంది, ఇల్లాలు పాలగిన్నె ముందు పెడుతుంది. పాము మూతి ముంచగానే అందరూ చేతులు జోడిస్తారు. ఇది పూజ కాదు, హింస అని నేనంటే, పంతులుగారికి ముదిమిలో నాస్తికత్వం పట్టుకున్నదన్నారు. నేను నాస్తికుణ్ణి కాను. కనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది.

మొదట మన నిఘంటువునే అడుగుదాం. అమరకోశం పామును పవనాశనమన్నది, చక్షుశ్శ్రవమన్నది, బిలేశయమన్నది. తెలుగువాడు గాలిమేపరి అన్నాడు. అన్ని పర్యాయపదాలలోనూ పాలు త్రాగేది అన్న పేరు ఒక్కటీ లేదు. పాముకు పాలు పోసినట్లు అన్న నానుడి దుర్జనునికి చేసే ఉపకారాన్ని గురించి పుట్టింది. నీతివాక్యాన్ని వంటపట్టిక చేసుకొమ్మని ఎవరూ చెప్పలేదు.

మరి కళ్ళెదుట త్రాగుతున్నది కదా అంటారు. పండుగకు ముందు ఎన్నో రోజులు నీటిచుక్క లేకుండా బుట్టలో మాడ్చిన ప్రాణి ఏ ద్రవం ఎదురైనా మూతి పెడుతుంది. పాలను అరిగించుకొనే ఏర్పాటు దాని కడుపులో లేదు; అది పాలిచ్చి పెంచే జాతి కాదు. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మనం ప్రసాదం పుచ్చుకొని ఇంటికి పోతాం, అది బుట్టలో రొప్పుతూ చస్తుంది.

కోరలు పీకిన పాముల నోళ్ళు పుండ్లుపడి చీము పడతాయి. కొన్నింటికి నోరే కుట్టేస్తారు. ఇక తినేదేమిటి? తాచు ఆహారం ఎలుకలు, కప్పలు, బల్లులు, ఒక్కోసారి సాటి పాములు. నమలడం దానికి తెలియదు, మొత్తంగా మింగుతుంది. మింగింది అరగాలంటే బయటి వెచ్చదనం కావాలి, తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు గనుక. తిన్న వెంటనే కదిలించినా, చలిలో ఉంచినా కక్కేస్తుంది. గాలిలో తేమ చాలకపోతే కుబుసం సరిగా ఊడదు. దానికి కనురెప్పలు లేవు, కంటిపై పారదర్శకమైన పొర ఒకటే ఉంటుంది. మనం భక్తితో చల్లే పసుపుకుంకుమలు నేరుగా దాని మీదే పడతాయి. వెదురుబుట్ట ఈ అవసరాలలో దేనిని తీర్చగలదు?

ముద్దుగా పెంచుకుంటామనే కుర్రవాళ్ళకూ ఇదే నా ప్రశ్న. పైగా అది నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించి నాగుపామును మొదటి షెడ్యూలులో చేర్చారు.

పాములవాళ్ళ పొట్ట కొట్టమంటారా అని ఒక మిత్రుడు నిలదీశాడు. సబబైన ప్రశ్నే. తమిళనాట పాములు పట్టే ఇరుళులు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వ అనుమతితో పాములను పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో విడిచిపెడతారు. ఆ విషంతోనే పాముకాటుకు మందు తయారవుతుంది. తరతరాల విద్యకు అటువంటి గౌరవమైన దారి చూపించడం ప్రభుత్వం పని. చేతిలో పది రూపాయలు పెట్టి, ఆ బుట్టను మళ్ళీ మన వాకిటికి రప్పించుకోవడం దయ అనిపించుకోదు.

పూజ మానమని నేననడం లేదు. దేవతావిగ్రహాలకు పేరుపొందిన ఆళ్లగడ్డ మనకు కూతవేటు దూరంలో ఉన్నది. అక్కడి శిల్పి ఉలితో మలచిన నాగశిల ఎన్ని బిందెల పాలు పోసినా తట్టుకుంటుంది, ఎంత పసుపు పూసినా దాని కన్ను మండదు. ఆ శిలకు అభిషేకం చేయండి, ఆ శిల్పికి నాలుగు డబ్బులు ముట్టనివ్వండి. ప్రాణమున్న నాగన్నను మాత్రం నల్లమలలోనో, ఎలుకలున్న వరిచేను గట్టుమీదనో బ్రతకనివ్వండి. ఈ చవితికి మీ వాకిట నాగస్వరం వినబడితే పాలగిన్నె లోపలే ఉంచండి, అటవీశాఖవారికి ఒక్క మాట చెప్పండి. నాగదేవత మెచ్చే నైవేద్యం అదేనని నా విశ్వాసం.