ఒకే కొండ నీటికి ఒకే లెక్క

తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని రాజపాళయానికి నీటి ఆధారం పడమటి కనుమలే. ముడంగియారు నది నీళ్లు ఆరో మైలు జలాశయంలో చేరి పట్టణం దాహం తీరుస్తున్నాయి. అవే కొండల నుంచి దిగే వాగులు చుట్టుపక్కల ఊళ్ల చెరువులు నింపుతున్నాయి. భూమిలో ఇంకిన నీళ్లు బోర్ల ద్వారా మామిడి, కొబ్బరి తోటలకూ పరిశ్రమలకూ అందుతున్నాయి. ఆధారం ఒక్కటే అయినా లెక్కలు మాత్రం ఎవరివి వారివే. మునిసిపాలిటీ జలాశయం మట్టం చూసుకుంటుంది, ఆయకట్టు రైతు తూము చూసుకుంటాడు, బోరున్నవారు తమ మోటారు చూసుకుంటారు. ఈ తీరు ఇంకెంతమాత్రం సాగకూడదు. పట్టణం, గ్రామాలు, మిల్లులు, అటవీ శాఖ కలిసి కూర్చునే ఉమ్మడి నీటి మండలి ఈ ప్రాంతానికి కావాలి. ఈశాన్య రుతుపవనాలు ముగియగానే ఏటా ఆ మండలే వాటాలు తేల్చి ప్రకటించాలి.

ఇది కొత్త ఊహేమీ కాదు. ఇక్కడి చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు అలుగు పారితేనే కింది చెరువుకు నీళ్లు. అలుగు మీద జానెడు ఎత్తున ఇసుక బస్తాలు పేర్చినా కింది ఊరి వరికి ఆఖరి తడి అందదు. అది తెలిసే పెద్దలు తూము తీసే పని నీరుగంటికి అప్పగించి వంతులు ఏర్పరిచారు. ఆ కట్టుబాటుకు బోరు లొంగలేదు. చెరువు పక్కన లోతుగా దింపిన బోరు, తూము మూసి ఉన్నా ఆ నీళ్లనే లాగుతుంది. భూగర్భ జలాల అదుపు కోసం తమిళనాడు 2003లో చేసిన చట్టం అమలుకు నోచుకోకుండానే 2013లో రద్దయింది. సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగిస్తూ 2000లో వచ్చిన చట్టం ఆయకట్టు వరకే చూసింది. కుళాయి దగ్గర బిందెతో నిలబడే పట్టణ గృహిణికి అందులో చోటు లేదు.

కేరళలోని పంబా, అచ్చన్‌కోవిల్ నదుల నీటిని మన వైప్పారు నదికి మళ్లిస్తే ఈ గొడవే ఉండదని కొందరి వాదన. ఏటా 634 మిలియన్ ఘనపు మీటర్లు తరలించే ఆ పథకానికి జాతీయ జల అభివృద్ధి సంస్థ సాధ్యాసాధ్యాల నివేదిక 1995లోనే సిద్ధమైంది. తమ నదుల్లో మిగులే లేదని, వేంబనాడు సరస్సులోకి ఉప్పునీరు ఎగదన్నుతుందని కేరళ అభ్యంతరం. దాన్ని కొట్టిపారేయలేం. అంగీకారం కుదిరినా నీళ్లు వెంటనే రావు. చెన్నైకి కృష్ణా జలాలిచ్చేందుకు మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి 1976లో ఒప్పుకుంటే, నీళ్లు తమిళనాడు సరిహద్దు చేరింది 1996లో. తామ్రపర్ణి నుంచి గొట్టాల్లో వచ్చే నీరూ సాయమే తప్ప సొంత నీటికి బదులు కాదు. ఆ నదిని నమ్ముకున్న తిరునెల్వేలి, తూత్తుకుడి రైతులూ మనవంటివాళ్లే. ఇంటి నీటికి లెక్క చెప్పలేనివారు పొరుగువారి నీటిని ఏ ముఖంతో అడుగుతారు?

చెరువు మీద తరతరాల హక్కు ఉండగా పట్టణంతో పంచుకోవడమేమిటని రైతు అడగవచ్చు. ఆ హక్కును లెక్కలోకి ఎక్కిస్తేనే దానికి రక్షణ. రాతలో లేని వాటా కరువు ఏడాది మొదట పోయేది బలహీనుడికే. మీటరు పెడితే ఉపాధి పోతుందని మిల్లుల వాదన. నిజానికి వాటా ముందే తెలిస్తే వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకునే ఏర్పాటుకు వ్యవధి దొరుకుతుంది. పల్లెవాళ్లు నీటి లెక్కలు కట్టగలరా అనే సందేహానికి ఆంధ్రప్రదేశ్ రైతులు ఎప్పుడో జవాబిచ్చారు. 2003లో మొదలైన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకంలో ఏడు కరువు జిల్లాల రైతులు తామే వాన కొలిచారు, బావుల మట్టం రాసుకున్నారు, రబీకి ముందు నీటి బడ్జెట్ వేసి పంటలు ఎంచుకున్నారు. ఎవరి మోటారూ బలవంతంగా ఆపలేదు. లెక్క కళ్లెదుట ఉండటంతో చాలామంది వరి తగ్గించారు.

మండలికి మూడు నియమాలు చాలు. తాగునీటికి తొలి వాటా. చెరువుల మట్టాలు, పెద్ద బోర్ల మీటర్ల అంకెలు ప్రతి పంచాయతీ గోడ మీదా. పట్టణం ఎక్కువ తీసుకున్న ఏడాది, నష్టపోయిన ఆయకట్టుకు పరిహారం, వాగుల పూడికతీతకు పట్టణం ఖజానా నుంచి సొమ్ము. విరుదునగర్ కలెక్టర్ వచ్చే ఈశాన్య రుతుపవనాలకు ముందే అందరినీ పిలిచి ఈ మండలిని ఏర్పాటు చేయాలి, దానికి చట్టబద్ధత కల్పించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవాలి.